మెట్ల కింది సైకిల్

"అక్కా... పోతున్న."

"పో."

గంతే. నాకు, నా చెల్లె పద్మకు నడుమ ఆఖరుకు నడిచిన మాటలు గవ్వే. ఇందుల ఒక్క అబద్ధం ఉన్నా నా నాలిక మీద పుండు లేవాలె. రాయి లతా, ఉన్నదున్నట్టు రాయి. పద్మ మీ అమ్మ గదాని ఏం దాయకు.

పద్మ సైకిల్ మీద దేశం తిరగవోయింది. ఒక్కతే! శంషాబాద్ కెల్లి బెంగుళూరు రోడ్డు పట్టి కన్యాకుమారి, ఆడికెల్లి మల్ల కాశ్మీర్ దాకనంట. రోజు పొద్దుగాల ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద తొక్కుకుంట తొక్కుకుంట పిచ్చి ముదిరింది. గేర్ల సైకిల్, నెత్తికి టోపీ, వెనక ఎర్ర లైటు. దాని మొగుడేమో టైర్లకు గాలి కొడ్తుండు, నీళ్ల సీసాలు కడ్తుండు, "పైలం పద్మా" అంటుండు. నాకు కడుపుల నిప్పులు పోసినట్టయింది. ఎందుకు దాస్త? ఓర్వలే.

మా ఆయనకూ సైకిల్ ఉండె. పాలు పోసేటోడు. రెండు దిక్కుల క్యాన్లు. నన్ను ఏనాడూ ముట్టనియ్యలే. బాలాపూర్ల గణపతి లడ్డూ వేలంపాట చూద్దాం, వెనక కూసుంట అంటే, "నువ్వు కూసుంటే పాలెక్కడ కూసోవాలె?" అనేటోడు. ఆయన పోయినంక గా బండిని మెట్ల కింద పెట్టి తాళం ఏసిన. టైర్లు సచ్చి నేలకు అంటుకున్నయ్. దానికొక గుణం ఉండె. పెడల్ తిరిగినప్పుడల్లా చైను కవరుకు తాకేది. టక్... జర ఆగి... టక్. గా సప్పుడు ఇన్నంకనే నేను పొయ్యి అంటువెట్టేదాన్ని.

పద్మోల్లు పైన ఉంటరు, నేను కింద. ఎండ తగుల్తదని అది తెల్లారకముందే బయలెల్లింది. మొగుడు పోయినదాన్ని, ఎదురు రావొద్దని మెట్ల కింద నక్కి నిలవడ్డ. చీకట్ల చెయ్యి దేనికో ఆనింది. చూస్తే ఆయన సైకిల్ సీటు.

"ఏందక్కా, గాడ నక్కినవ్? ఎదురు రా. నువ్వొస్తెనే నాకు మంచిగైతది" అన్నది పద్మ.

కదల్లే నేను. ఇగ అప్పుడన్నది, పోతున్న అని. పోయొస్త అనలే సూడు... పోతున్న అన్నది. పోయిరా అనాలె గద నేను? నోట్లెకెల్లి "పో" అనే ఒచ్చింది. చెయ్యి గా సీటు మీదనే ఉంది.

అది గేటు దాటినంక బయటికొచ్చిన. ఎర్ర లైటు చిన్నగైతున్నది. నెత్తి మీదికెల్లి విమానమొకటి కిందికి దిగుకుంట పోయింది. సప్పుడంత అదే మింగింది. విమానం పోయినంక... అంత నిమ్మలం. కుక్కలు గూడ మొరుగుతలేవు.

అప్పుడిన్న.

...టక్.

నా చెవులే అనుకున్న.

...టక్.

నా పక్కకెల్లే పోయింది. చెంపకు గాలి తగిలింది. వాసన... పచ్చి పాల వాసన. కనవడ్డదైతే ఏం లేదు. సప్పుడు మాత్రం ఎర్ర లైటు ఎంబడి పోతున్నది. మెల్లగ... ఆయనెప్పుడు గట్లనే, తొందరపడడు. లైటు మూల తిరిగింది. సప్పుడు గూడ తిరిగింది.

భయం కాలేదా అంటే, అయింది. గని భయానికి ముందు ఏమొచ్చిందో చెప్పాల్నా? మంట! నన్ను బాలాపూర్ దాకా తీస్కపోనోడు, దాని ఎంబడి కన్యాకుమారి పోతడా?

మెట్ల కిందికి ఉరికిన. సైకిల్ ఆడనే ఉంది. ఏసిన తాళం ఏసినట్టే ఉంది. టైరు ఒత్తి చూసిన... రాయి లెక్క ఉంది. నిండ గాలి.

"మరిదీ, దీనికి గాలి నువ్వు కొట్టినవా?"

"గా తుప్పు బండికా? నాకేం పని లేదా వదినా?" అని నవ్విండు మీ నాయిన. గా నవ్వు ఎసుంటిదో నాకిప్పటికీ సమజ్ కాలే.

గాలికి ఏదన్న మోగిందేమో పెద్దమ్మా అంటవ్ నువ్వు. మోగిందేమో. మరి మొన్న మీ అమ్మ ఫోన్ల మీ నాయినతోని ఏమన్నది? "ఒక్కదాన్నే ఉన్నట్టు లేదు, ఎవరో తోడొస్తున్నట్టుంది, ధైర్యంగుంది" అనలే? నాకైతే ఫోన్ చేస్తలేదు. నేను గూడ చేస్తలే.

రోజు పోయి టైరు ఒత్తి చూస్తున్న. గాలి దిగుతలేదు. నేనన్న "పో" ఎవరికి తాకిందో నాకు తెల్వదు బిడ్డా. సీటు మీద చెయ్యి పెట్టి అన్న గద... ఆయనకు తాకితే ఆయన పోయిండు, అయిపాయె. మీ అమ్మకు తాకితే...

ఏంది, కన్నీళ్లు వెట్టుకుంటున్నవ్? నాకు సదువు రాదు గని, మొదట్లనే నీ చెయ్యి ఆగుడు నేను చూసిన. "పో" అనే రాసినవా, "పోయిరా" అని దిద్దినవా?

ఏదీ... మొదటికెల్లి సదువు.