అవ్వ పారబొయ్యమన్న తేనె కారం

నిన్న మనవరాలు తెచ్చిన సీసా మూత తీస్తే తేనె, ఎండుమిరపకాయల వాసన వచ్చింది. మీ ఇళ్లలోనూ తేనె కారం చేసేవాళ్లా?

మా అల్లూరు ఇంట్లో ఒకసారి తాతకు జ్వరం తగ్గినా అన్నం సయించలేదు. అమ్మ మిరపకాయలు, అల్లం నూరి, ఇంట్లో మిగిలిన కాస్త తేనెలో కలిపి, తెలియక పొయ్యి మీద పెట్టింది.

అవ్వ కేకేసింది. "తేనె కాస్తే విషమమ్మే! పారబొయ్యి!"

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచం మీద నుంచి తాత, "ఇంత వాసనొస్తంటే పారబోస్తారా? ఇట్టా తే," అన్నాడు.

"మీకేమన్నా అయితే?" అంది అవ్వ.

"అన్నం తిని పోయినాడంటార్లే!"

తాత ఆ కారంతో రెండు ముద్దలు తిన్నాడు. అవ్వ భయంతో మంచం పక్కనే కూర్చుంది. సాయంత్రం ఆయన మళ్లీ అన్నమడిగితే, ఆ కారం గిన్నె అవ్వే తెచ్చింది.