ఐదువందల ఇరవై ఎనిమిదో అంకె

డ్రాయింగు మాస్టారికి లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. అలాంటి మనిషి బడి వరండా గోడ నిండా ‘పై’ విలువను ఏడువందల ఏడు దశాంశ స్థానాల దాకా రాశాడంటే, ఆ పుణ్యమంతా భార్యదే. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన లెక్కల పుస్తకం ఆవిడ కంటపడింది. వెనకటికి ఎవరో ఏళ్ల తరబడి చేత్తో లెక్కగట్టిన అంకెలన్నీ అందులో ఉన్నాయి.

రెండు వేసవి సెలవులు పట్టింది. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కో అంకె చదివేది. ఆయన నిచ్చెనెక్కి రాసేవాడు. ముప్పై రెండో చోట ఆవిడ కేక పెట్టింది.

“ఏవండోయ్, సున్నా! ఇప్పటికి వచ్చింది మొదటి సున్నా!”

“నా లెక్కల పరీక్షలో అయితే ముందే వచ్చేసేది.”

ఆవిడ నవ్వు ఆపుకోలేక పుస్తకం జారవిడిచింది.

“వీటికి అంతు లేదటండీ. ఒకే వరస పట్టుకుని తిరగవట కూడా.”

“మరి మనం ఎక్కడ ఆపాలే?”

“పుస్తకం ఆపినచోట.”

ఆవిడ పోయి మూడేళ్లయింది. మాస్టారు రిటైరైనా రోజూ వచ్చి ఆ గోడను వేలితో తడుముతాడు. ఏ అంకె ముట్టుకున్నా ఆవిడ గొంతే. ఇంట్లో ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు.

ఈ ఏడు బడికి సున్నం వేయించాలన్నారు. తప్పుల్లేకపోతే ఆ గోడ జోలికి వెళ్లబోమని హెడ్మిస్ట్రెస్ మాటిచ్చింది. కొత్త లెక్కల టీచరు ఫోను చూసుకుంటూ సరిచూసింది. టీచర్లంతా చుట్టూ మూగారు.

“మాస్టారూ, ఐదువందల ఇరవై ఏడు దాకా కరెక్టే. అక్కణ్ణుంచి చివరి దాకా వరస కలవడం లేదండీ.”

అందరూ తనకేసి చూసేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“నా తప్పు కాదమ్మా. చదివింది మా ఆవిడ. ఎక్కడో పరాకు పడి ఉంటుంది.”

హెడ్మిస్ట్రెస్ నిట్టూర్చి, సున్నం కలుపుకుని కానిమ్మని వేసేవాడికి చెప్పింది. లెక్కల టీచరు తప్ప మిగతా టీచర్లు క్లాసులకు వెళ్లిపోయారు.

ఆవిడ ఎక్కడ పొరబడిందో చూద్దామని మాస్టారు ఇంటికెళ్లి పుస్తకం పట్టుకొచ్చాడు. గోడ పక్కన పెట్టి ఒక్కొక్కటే చూశాడు. పుస్తకంలో ఏముందో గోడ మీదా అదే ఉంది. లెక్కల టీచరు పుస్తకం తిరగేసి నాలిక్కరుచుకుంది.

“అయ్యో, ఇది ఆ పాత లెక్కండీ! కట్టినాయనే ఐదువందల ఇరవై ఎనిమిదో చోట తప్పాడు. డెబ్బై ఏళ్ల దాకా ఎవరూ పట్టుకోలేదు. పాపం, అమ్మగారు ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు.”

మాస్టారు పుస్తకం అందుకున్నాడు. అన్నేళ్ల కాపురంలో ఏనాడూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. నలుగురిలో అన్నది ఈరోజే, అదీ చెయ్యని తప్పుకి. టీచర్లను మళ్లీ పిలిచి చెప్పుకోవచ్చు. ఆవిడకెలా చెప్పుకోవడం?

కుంచె పైవరసతో మొదలుపెట్టింది. ఆవిడ కేక పెట్టిన సున్నా ఆ వరసలోనే ఉంది. ఆపమందామని నోరు తెరిచాడు. ఏ మొహం పెట్టుకుని ఆపమంటాడు? చూస్తూ నిలబడ్డాడు.