మొయినాబాద్ తోటలో మా ఎస్తేరు టమాటా పాట

మా ఎస్తేరు ఫోన్‌లో ఒక పాట సగంలో ఆగిపోతుంది. దాని మిగతా సగం వినాలని పోయిన శనివారం చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాటి, చిల్కూరు దారిలో ఉన్న ఒక తోటకు వెళ్ళొచ్చాను. అక్కడ సాయంత్రం పాటల కార్యక్రమం పెట్టారు. సిటీ నుంచి కారులో వచ్చేవాళ్ళకు దారి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాలాగా బస్సులో, ఆటోలో వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎస్తేరు నా కూతురు. మా చర్చిలో గిటారు నేర్చుకుంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ స్నేహితులతో ఒక బ్యాండు పెట్టుకుంది. ఏడాదిన్నర కిందట జ్వరం వచ్చి, దవాఖానలో ఉండి, మాకు దక్కకుండా పోయింది. దాని ఫోన్ నా దగ్గరే ఉంది. మొదట్లో ముట్టుకోలేకపోయాను. తర్వాత ఒకరోజు కూరగాయలు తరుగుతూ అందులో పాటలు పెట్టాను. ఇప్పుడు అవి లేకపోతే నాకు వంట సాగదు. ఆ పాటలకు సినిమా ఉండదు, హీరో ఉండడు. వాళ్ళే రాసుకుని వాళ్ళే పాడుకుంటారు. ఇండీ అంటారట. ఒకాయన పాటంతా ఈల వేస్తాడు, ఆయన ఈలకు మోసపోయి నేను రెండుసార్లు కుక్కర్ దించేశాను. ఒకమ్మాయి హాస్టల్ చట్నీ మీద ఏడుస్తూ పాడుతుంది, విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. కొన్ని మాత్రం ఒకటే అరుపులు, అవి ఇంకా అలవాటు కాలేదు. పోయిన నెల శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్ళు బ్యాండు పెట్టిస్తే అక్కడికీ వెళ్ళాను. పాటలు బాగున్నాయి కానీ, పాటకూ పాటకూ మధ్య ప్లాటు కొంటారా అని అడిగారు.

ఎస్తేరు సొంతంగా కట్టిన పాట ఒక్కటే. పొద్దున్నే చేవెళ్ల నుంచి టమాటా ట్రేల బండీ, తను ఎక్కే ఆఫీసు క్యాబూ ఒకే రోడ్డు మీద పట్నం పోతాయని ఆ పాట. "సాయంత్రం ఖాళీ ట్రేలు ఇంటికొస్తయి, నేను గూడ..." అనగానే వంటింట్లోంచి నా గొంతు వినిపిస్తుంది, "ఎస్తేరూ, అన్నం పెట్టిన, రా బిడ్డా!" అని. రికార్డింగ్ అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏముందో నాకు తెలియదు. దాని బ్యాండులో పాడే దివ్య ఫోన్ చేసి, "ఆంటీ, శనివారం మొయినాబాద్ కాడ ఎస్తేర్ పాట పాడుతున్నం, మీరు రావాలె" అన్నప్పుడు, మిగతా సగం వాళ్ళ దగ్గర ఉండే ఉంటుందని ఆశ పుట్టింది.

పక్కింటి లక్ష్మక్కను తోడు తీసుకెళ్ళాను. వాళ్ళది బజారులో కిరాణా దుకాణం, శనివారం గిరాకీ వదిలి రావడమంటే మాటలు కాదు. మూడింటికి చేవెళ్లలో సిటీ వైపు వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కితే అరగంటలో మొయినాబాద్‌లో దిగాం. అక్కడ చిల్కూరు వైపు షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ఇరవై రూపాయలు. నిండితే గానీ కదలవు, కాబట్టి కాస్త ముందే చేరుకోవాలి. మమ్మల్ని చూసి ఆటో అతను గుడికనుకున్నాడు.

"గుడి కాడ దించాల్నా అవ్వా?"

"గుడికి కాదు తమ్మీ, జర ముందుగాల తోట గేటు కాడ ఆపు. పాటలకు పోతున్నం."

"గా డమడమ కొట్టే పాటలకా? మీరా?"

"ఏం, మాకు చెవులు లేవా?" అని లక్ష్మక్క అందుకుంది. "ఏడింటికి మళ్ళ రా. రాకపోతే రేపు నీ ఆటోల కూసొని మేమే పాడుతం."

"వస్త తల్లీ, గంత పని జెయ్యకుండ్రి" అని నవ్వుతూ నంబరిచ్చాడు.

టికెట్ మూడు వందలు, మా ఇద్దరివీ దివ్య ముందే తీసి పెట్టింది. గడ్డి మీద సాఫ్ట్‌వేర్ పిల్లలు గుంపులుగా కూర్చున్నారు. మొదటి పాట మెత్తగా, చాలా బాగుంది. అయిపోగానే నేను గట్టిగా "ఆమెన్!" అన్నాను. మా చర్చిలో ఎవరు పాడినా చప్పట్లు కొట్టం, ఆమెన్ అంటాం. ఆ అలవాటు నోట్లోంచి అలా వచ్చేసింది. తలలన్నీ నావైపు తిరిగాయి.

"ఇజ్జత్ తీసినవ్ గదనే" అంది లక్ష్మక్క, కొంగు అడ్డం పెట్టుకుని.

"థాంక్యూ ఆంటీ!" అని స్టేజీ మీంచి దివ్య చెయ్యి ఊపింది. రెండో పాటకు నేను నోరు బిగించుకుని కూర్చుంటే, వెనక కుర్రాళ్ళు "ఆమెన్" అన్నారు. మూడో పాటకు సగం తోట అంది.

మధ్యలో విరామం ఇచ్చినప్పుడు దివ్య మా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆగలేక అడిగేశాను.

"పాట మిగిలిన సగం మీ దగ్గరున్నదా బిడ్డా?"

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "లేదాంటీ. మాకు గూడ గంతే పంపింది. ఎండింగ్ తర్వాత చేద్దామన్నది. మేం రాద్దామని మస్తు కోషిష్ చేసినం. ఏం రాసినా ఎస్తేర్ లెక్క లేదు."

"మరెట్ల పాడుతరు?"

"తను ఆపిన కాడనే ఆపుతం."

లక్ష్మక్క తన సంచిలోని పల్లీల పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టింది.

పొద్దు గూకే వేళకు ఆ పాట మొదలైంది. టమాటాలూ క్యాబూ పోటీ పడే చోట అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఎస్తేరు ఆ చోట ముక్కు ఎగబీల్చి పాడేది, దివ్య కూడా అలాగే పాడింది. "సాయంత్రం ఖాళీ ట్రేలు ఇంటికొస్తయి, నేను గూడ..." అని ఆపింది. గిటారు ఆగింది. పాట అయిపోయిందో లేదో తెలియక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో నేను "ఆమెన్" అన్నాను. ఈసారి మెల్లగా. నా పక్కన లక్ష్మక్క అంది. తర్వాత వెనక కుర్రాళ్ళు, తర్వాత తోట తోటంతా అంది. డ్రమ్స్ అబ్బాయి ఒక్క దెబ్బ వేసి పాట ముగించాడు.

దివ్య కళ్ళు తుడుచుకుంటూనే మైకులో నవ్వింది. "ఆంటీ, ఎండింగ్ దొరికింది! ఇగ ఎప్పుడు పాడినా గిట్లనే."

ఏడింటికి ఆటో గేటు దగ్గరే ఉంది. "ఎట్లున్నయి అవ్వా పాటలు?" అని అడిగాడతను. "మా పిల్ల పాటనే ఫస్టు" అని లక్ష్మక్క మొయినాబాద్ దాకా దాన్ని పాడుతూనే ఉంది. రాగం ఒక్కచోటా కుదరలేదు. "మీ దేవుడు ఏమన్న అనుకుంటడా అక్కా, ఆమెన్ అన్నవ్?" అని నేను అడిగితే, "పిల్ల పాటకు అన్న, ఏమనుకుంటడు?" అంది.

ఇప్పుడు కూడా వంట చేస్తూ ఆ పాట పెట్టుకుంటున్నాను. ఎస్తేరు "నేను గూడ" అనడం, వెంటనే నేను "రా బిడ్డా" అని పిలవడం విని, పాట ఇక్కడ తెగిపోయిందని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. అది పాడుతున్నది ఇంటికి రావడం గురించే కదా, నేను పిలిచిందీ అందుకే కదా అని ఇప్పుడు అనిపిస్తోంది. స్టవ్ ముందు నిలబడి ఆమెన్ అనుకుని, అన్నం దించుకుంటున్నాను.

మీరు వెళ్తే, దిగేటప్పుడే ఆటో అతనితో తిరుగు ప్రయాణం మాట్లాడుకుని నంబరు తీసుకోండి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద షేర్ ఆటోలు దొరకవు. అక్కడ టమాటా పాట వస్తే, చివర ఏమనాలో మీకు తెలుసు.