పటం మీద తప్పు చుక్క

నా చిన్నప్పుడు ఆదివారం సాయంత్రమైతే చాలు, జేజి నన్ను వెంటబెట్టుకుని కల్లూరు నుంచి కర్నూలు మ్యూజియానికి బయల్దేరేది. నాయన తల్లిని మేము జేజి అంటాం. అక్కడ రిటైరైన బడి అయ్యవారొకరు మన సీమలో పూర్వం ఎవరు బతికారో, ఏం తిన్నారో కథలా చెప్పేవారు. జేజికి చరిత్ర కంటే అక్కడి ఫ్యాన్ల మీదే మక్కువ అని నాయన ఎగతాళి చేసేవాడు. నాకు మాత్రం అద్దాల పెట్టెల్లోని చీటీలంటే ఆశ. వస్తువు ఎక్కడ దొరికిందో, ఎవరు తెచ్చారో వాటి మీద రాసి ఉండేది. అలాంటి చీటీ మీద నా పేరు కూడా చూసుకోవాలని ఒకటే కోరిక.

ఒకరోజు మా వీధిలో కొత్త ఇంటి కోసం తోలిన కంకర కుప్పలో నున్నటి నల్లరాయి కనబడింది. ఒకవైపు గొడ్డలి అంచులా పలచగా ఉంది. అయ్యవారు చూపించే రాతిగొడ్డలి అచ్చం ఇలాంటిదే! ఆదివారం దాకా దాన్ని దిండు కింద పెట్టుకునే పడుకున్నాను.

ఆయన రాయిని అరచేతిలో తిప్పితిప్పి చూసి, "యాడ దొరికె పాపా ఇది?" అన్నారు. కంకర కుప్పలో అంటే ఏం గొప్ప? అది ఎక్కడి కంకరో ట్రాక్టరు తోలినవాడికే గుర్తుండదు. "బనగానపల్లెలో, మా మామిడితోటలో" అనేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. సంచిలోంచి పాత నోటుబుక్కు తీశారు. అందులో చేత్తో గీసుకున్న జిల్లా పటం, పాత పనిముట్లు దొరికిన చోటల్లా ఒక సిరాచుక్క. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవుల్లో ఎండనపడి తిరిగి పెట్టుకున్న చుక్కలవి. మా తోట దగ్గర ఇంకొకటి పెట్టి, చీటీ రాసి అద్దాల పెట్టెలో పెట్టిస్తానని రాయిని తన దగ్గరే ఉంచుకున్నారు.

ఇక జేజిని పట్టలేకపోయాం. వేల ఏళ్ళ కిందటే మనుషులు మా తోటలో కాపురమున్నారని వీధంతా చాటేసింది.

మరుసటి ఆదివారం ప్రసంగం చివర అయ్యవారు అందరి ముందూ అన్నారు. "మోకాళ్ళ నొప్పి శానా ఉండాది గానీ, రేపు పొద్దున బస్సుకు పోతాండా. ఆ తోట నా కండ్లతో చూడాల."

చేతికర్రతో మెట్లు దిగడానికే అవస్థపడే మనిషి. నోరు మూసుకుంటే చీటీ మీద నా పేరు ఉంటుంది. తెరిస్తే నేను అబద్ధాలకోరునవుతాను, జేజికి వీధిలో తలవంపులు. అందరూ లేచి వెళ్ళిపోతుంటే ఆయన చొక్కా పట్టుకుని, ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"ఎంత పని చేస్తివే! నా మొగం యాడ పెట్టుకోవాల?" అంటూనే జేజి కొంగుతో నా ముక్కు తుడిచింది.

అయ్యవారు నన్ను తిట్టలేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. నోటుబుక్కు తెరిచి, ఆ చుక్క పక్కన ఏదో రాసి మూసేశారు. "రాయి మంచిదేమ్మా. దొరికిన చోటు తెలీకుంటే మాత్రం అది మనకేం చెప్పలేదు. తెలీంది తెలీదని చెప్పు, అందులో నామోషీ ఏముండాది?" అని రాయిని తిరిగి నా చేతిలోనే పెట్టారు. అది అద్దాల పెట్టెలోకి ఎక్కనేలేదు.

ఇప్పుడు ఆ ఆదివారం ప్రసంగాలు నేనే చేస్తున్నాను. షేర్ ఆటోలో వస్తాను, ఆ రాయిని పిల్లల చేతికిస్తాను. "యాడిది అవ్వా?" అని అడుగుతారు. తెలియదని చెబుతాను. పెద్దవాళ్ళు కొందరు నవ్వుతారు, నవ్వనీ.

అయ్యవారు పోయాక వాళ్ళమ్మాయి ఆ నోటుబుక్కు నాకు పంపింది. బనగానపల్లె దగ్గరి చుక్కను ఆయన కొట్టేయలేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన సన్నటి అక్షరాలతో, మ్యూజియం చీటీల తీరులోనే రాశారు: "ఇక్కడ ఏదీ దొరకలేదు. ఆ సంగతి తెలిపినవారు" అని, కింద నా పేరు.

ఆ పేజీ చూసిన రోజు చిన్నపిల్లలా ఏడ్చాను. ప్రతి ఆదివారం రాయితో పాటు ఆ నోటుబుక్కు కూడా నా సంచిలో ఉంటుంది.