ఊళ్ళో ఎక్కడండీ?

ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి కంప్యూటర్ల పని నేనే చూసేవాణ్ణి. ఓనరు గారికి నేనంటే గురి. తమ ఇంటి మీద పోర్షన్ ఖాళీ అయిందని, ఆదివారం మా ఆవిడతో వచ్చి చూసి పొమ్మని ఆయనే అన్నారు. మా ఆవిడ ఆ ఇంటి పక్కనే ఒక ఆసుపత్రిలో నర్సు. మా ఊరి నుంచి బస్సులో నిలబడి వచ్చి, డ్యూటీలో నిలబడి, మళ్ళీ నిలబడే ఇంటికి వెళ్ళేది. ఆ పోర్షన్ మాకెంత అవసరమో వేరే చెప్పాలా?

ఆ వారమే గన్నవరంలో కొత్త బ్రాంచి తెరిచారు. అక్కడి కంప్యూటర్‌లో స్టాకు వివరాలు తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చాను, నెట్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి, లోపలికి మాత్రం రానివ్వదు. చివరికి తేలిందేమిటంటే, డేటాబేస్‌లో ఆ యూజర్‌కి ఆటోనగర్ షాపు నుంచి మాత్రమే అనుమతి ఉంది. పాస్‌వర్డ్ సరైనదే కదా, ఇంకేం రోగం దానికని ఓనరు గారు విసుక్కున్నారు. పేరు, పాస్‌వర్డ్ కలిస్తే చాలదని, ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూస్తుందని చెప్పాను. అదే మనిషి వేరే చోటి నుంచి వస్తే దానికి పరాయివాడే.

ఆయనకది తెగ నచ్చింది. ఎవరు పడితే వాళ్ళు రాకుండా మంచి ఏర్పాటేనని మెచ్చుకున్నారు. ఆ ఊపులోనే మాది ఏ ఊరని అడిగారు. కంకిపాడు దగ్గరని చెప్పాను.

"ఊళ్ళో ఎక్కడండీ?"

ఇది దారి కనుక్కోవడానికి అడిగే ప్రశ్న కాదని ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. కులం అన్న మాట నోట రాకుండా కులం అడగడం మా వైపు మర్యాద. ఒళ్ళు మండింది.

"పేటలోనండీ, చర్చి పక్కన," అన్నాను.

ఆయన తలూపారు. నేను గన్నవరానికి అనుమతి ఇచ్చాను. స్టాకు తెరుచుకుంది. నేను లేకపోతే తన పని గోవిందా అని ఆయన నవ్వారు.

శనివారం ఫోన్ చేశారు. గొంతులో తేనె కారుతోంది. పోర్షన్‌లోకి బావమరిది వాళ్ళు దిగుతున్నారట, ఏమీ అనుకోవద్దట. షాపులో బిల్లింగ్ నెమ్మదిగా ఉందట, సోమవారం ఒకసారి వచ్చి చూడమన్నారు. సిగ్గులేని నా నోరు సరేనండీ అంది.

మా ఆవిడ మర్నాడు ఇల్లు చూడ్డానికి కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేస్తోంది. నేనింకా ఏమీ చెప్పలేదు.

"చుట్టాలెవరో వస్తున్నారన్నారా?" అని అడిగింది, ఇస్త్రీ పెట్టె ఆపి.