పదకొండో రోజు దాకా

ఎవరింట్లో బిడ్డ పుట్టిందని విన్నా నాకు కాలు నిలవదు. జ్ఞానస్నానం ఎప్పుడని అడుగుతాను. రేపంటే, ఈ రోజుకేం వచ్చిందంటాను. కోసపాళయంలో బాలింతలు నన్ను చూసి మొహం తిప్పుకుంటారని తెలుసు. తిప్పుకోనీ.

మా వీధి తెలుగు ఇళ్ళలో క్రైస్తవులం మేమొక్కళ్ళమే. తాతముత్తాతల నాడే మతం మారాం. దేవుణ్ణి మార్చుకున్నాం గానీ, మా అవ్వ మడి మాత్రం చెక్కుచెదరలేదు. పురుడంటే పదకొండు రోజులు. అన్నాళ్ళూ తల్లీ బిడ్డా గది గడప దాటకూడదు. చర్చిని మేం కోయిల అనేవాళ్ళం, అక్కడికి బిడ్డను తీసుకుపోవడమన్న మాటే లేదు. పురిటి గదిలోకి ఎవరు అడుగుపెట్టినా వాళ్ళకూ మైల అంటినట్టే, పదకొండో రోజు స్నానం దాకా ఇల్లు కదలకూడదు. అందుకే లోపల అమ్మ దగ్గర అవ్వ ఒక్కతే ఉండేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. అప్పట్లో మా ఊరిని ఏలే ఫ్రెంచివాళ్ళ చట్టమని నాయన వెంటనే పట్టణ కచేరీకి పోయి వాడి పుట్టుక రాయించి వచ్చాడు. దొరల పుస్తకంలో వాడికి పేరు పడింది. కోయిల పుస్తకంలో మాత్రం పురుడు వెళ్ళాకే పడాలని అవ్వ తీర్మానం. ఆమె తీర్మానానికి మా ఇంట్లో ఎదురు లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాడు పాలు తాగడం మానేశాడు. ఏడుపు పిల్లికూన గొంతులా సన్నబడింది. నాయన సామియారును, అంటే కోయిల గురువుగారిని, పిలుచుకు రావడానికి పరుగెత్తాడు. అమ్మకు తాగడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి రోజూలాగే గడప ఇవతల పెట్టబోతూ లోపలికి చూశాను. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఆడ్నే నిలబడు! లోపలికి అడుగు పెడితివా, చూడు!" అంది అవ్వ, అంత కంగారులోనూ.

నాకు తెలుసు. నా గొడవంతా అదే. కన్యాస్త్రీల బడిలో మా చేతికి గుడ్డబొమ్మ ఇచ్చి మరీ నేర్పారు. బిడ్డ చావుబతుకుల్లో ఉంటే సామియారు కోసం ఆగనక్కర్లేదు, ఎవరైనా సరే నుదుటి మీద మూడుసార్లు నీళ్ళు పోసి ఆ నాలుగు మాటలూ అని జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. క్లాసులో అందరికంటే బాగా అప్పజెప్పింది నేనే. నీళ్ళు చేతిలో ఉన్నాయి, బిడ్డ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కానీ మర్నాడు బడిలో మాత ఊరేగింపు. తెల్లగౌను వేసుకుని ముందు వరసలో పూలబుట్ట పట్టుకోవలసింది నేను. గడప దాటితే అవ్వ పోనివ్వదు. సామియారు ఎలాగూ వస్తున్నారు కదా అనుకున్నాను. చెంబు కింద పెట్టి, వాకిట్లోకి పోయి వీధి చివరికి చూస్తూ నిలబడ్డాను.

మనిషి తోసే బండిలోంచి సామియారు దిగేసరికి లోపల అవ్వ గొల్లుమంది.

సమాధుల తోటలో, దీవించిన నేలలో వాడికి చోటు లేదన్నారు. జన్మపాపం కడగని బిడ్డ కదా! కంచె బయట జిల్లేళ్ళ పక్కన పెట్టి వచ్చారు. ఇలాంటి బిడ్డలకు స్వర్గం బయట వేరే చోటుంటుంది, అక్కడ నొప్పి ఉండదు, కానీ దేవుడు కనిపించడు అని కన్యాస్త్రీలు నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు నాకు పుండు మీద కారంలా ఉండేది. అవ్వ ఆ తర్వాత కోయిలలో ముందుకు వచ్చి కూర్చోలేదు. తలుపు దగ్గరే, చెప్పుల పక్కన కూర్చునేది.

తొమ్మిది రోజుల వాడు ఏం పాపం చేసి ఉంటాడు? పెద్దయ్యాక అదే బడిలో పంతులమ్మనై, అదే గుడ్డబొమ్మతో పిల్లలకు నేర్పుతున్నా ఈ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. పాతకాలపు క్రైస్తవ గురువుల రాతలన్నీ చదివిన ముసలి ఫ్రెంచి సామియారు ఒకాయన బడికి వచ్చేవారు. జలగలా ఆయన్ను పట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. తొలి రోజుల్లో అందరిదీ ఒకే మాట కాదట. తూర్పు దేశాల గురువులు కొందరు పాపాన్ని జబ్బులా చూశారట. మొదటి మనిషి నుంచి మనకు చావు వచ్చింది గానీ, అతని నేరం రాలేదన్నారట. తర్వాత ఆఫ్రికాలో ఒక బిషప్పు, నేరం కూడా పుట్టుకతోనే వస్తుందని వాదించి నెగ్గాడట. మా కంచె కట్టింది ఈయనే అన్నమాట అనుకుని నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత చెప్పిన సంగతికి మాత్రం కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఆ బిషప్పుకు చాలా ముందే, అదే దేశంలో ఒక ఊరి గురువు, జ్ఞానస్నానానికి ఎనిమిదో రోజు దాకా ఆగాలన్నాడట. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్ళు మైలగా ఉంటుంది, ముద్దు పెట్టుకోవడానికి మనసొప్పదన్నాడట. అచ్చం మా అవ్వే! పెద్దలు సభ కూడి, ఒక్క రోజు కూడా ఆగవద్దని జవాబు రాశారట. దేవుడి చేతుల్లోంచి ఇప్పుడే వచ్చిన బిడ్డకు మైలేమిటి, వాడి మీద ఉన్నది పరాయివాళ్ళ పాపమే గానీ సొంతం కాదు అన్నారట.

ఊరట పడుతుందని ఆ సాయంత్రమే అవ్వకు చెప్పాను. అప్పటికి ఆమె మంచం దిగడం తగ్గిపోయింది.

"ఆ కాలంలో గురువే ఈ తప్పు చేసినాడంట అవ్వా. నువ్వొక్కదానివే కాదు."

అవ్వ నవ్వలేదు. "ఆయనకు వద్దని చెప్పేదానికి అంతమంది ఉండిరి. నాకు చెప్పేటోళ్ళు యాడ ఉండిరే? తెలిసినోళ్ళు ఒకరన్నా ఉండుంటే, నా మనవణ్ణి ఆ జిల్లేళ్ళలో పెట్టనిద్దునా?"

ఆ రోజు నేను నీళ్ళు పోయని సంగతి పాపసంకీర్తనంలో, సామియారు చెవిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. చిన్నపిల్లవి, నీకందులో పాపం లేదు పొమ్మని ప్రతి సామియారూ అనేవారు. ఆ మాటతోనే నా కుదురు మరీ పోయేది. నాది కాకపోతే మరి ఎవరిది? ఈ ముసలిదానిదా? ఇన్నేళ్ళూ ఆమె ఒక్కతే మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

"నాకు తెలుసు అవ్వా," అన్నాను. "నీళ్ళు పోయొచ్చని నాకు తెలుసు. చెంబు నా చేతిలోనే ఉండె. గడప దాటితే ఊరేగింపుకు పోనియ్యవని పోయలేదు."

అవ్వ మోచేతి మీద పైకి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పోనిచ్చేదాన్ని కాదులే," అంది. "తిట్టుందును. కొట్టుందును గూడా. అయినా నువ్వు పోసుండాల్సిందే."

అన్నేళ్ళలో నాతో ఎవ్వరూ అనని మాట అది. మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, తమ్ముడు పోయాక మొదటిసారి నాకు ఊపిరి తిన్నగా ఆడింది.