ఆమె సీసాలకు బూజు పట్టేది కాదు

పోయిన నెల మోకాళ్ళ నొప్పులకని హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. నా ఈడువాళ్ళకు ఆ తంతు చెప్పక్కర్లేదు. ఎక్స్‌రే తీయించుకుని, అద్దాల గది ముందు మెత్తటి కుర్చీలో కూలబడి, మన పేరు పిలిచేదాకా పక్కవాళ్ళ మోకాళ్ళ కథలు వినడం. నన్ను చూసిన డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. నేను యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యానని తెలిసేసరికి ఆమె ముఖం చాటంత అయింది. హమ్మయ్య, ఇన్నాళ్ళకు ఒక్కరైనా నన్ను గుర్తుపట్టారు కదా అని కొంగు సర్దుకుని కూర్చున్నాను. తీరా ఆమె అడిగిందేమిటంటే, మూసాపేటలో తనకు ఇంటర్లో బయాలజీ చెప్పిన మేడమ్ కూడా అక్కడే పరిశోధన చేశారట, మీకు తెలుసా అని. మందారపువ్వు కోయించి బ్లేడు పట్టుకోవడం నేర్పింది ఆ మేడమేనట; ఇవాళ తాను ఆపరేషన్లు చేస్తున్నదంటే అది ఆ మేడమ్ చలవేనట.

తెలియకేం! ఆ పేరు వినగానే నా పాత కుళ్ళు మళ్ళీ రాజుకుంది. ఈ వయసులో ఇంకా అసూయ ఏమిటమ్మా, రామా కృష్ణా అనుకోక, అంటారేమో. మోకాళ్ళు అరిగాయి గానీ అది అరగలేదు, ఏం చేయమంటారు?

మేమిద్దరం ఒకే గైడు గారి దగ్గర పరిశోధనకు చేరాం. నాది కృష్ణా జిల్లా, మిషన్ స్కూలు చదువు, హాస్టల్లో మకాం. ఆమెది యూనివర్సిటీ గోడ అవతలి గోపన్‌పల్లి; అప్పటికది జొన్నచేలు, మేకల మందలు ఉన్న పల్లె. పొద్దున్నే రొట్టెల డబ్బా పట్టుకుని బండరాళ్ళ మధ్య కాలిబాటన నడిచి వచ్చేది. నా తర్వాతి ఏడాది చేరింది కాబట్టి నన్ను అక్కా అనేది. మా పని ఏమిటంటే, అడవిలో అరుదైపోతున్న ఒక మందుమొక్క నుంచి చిన్న ముక్క తుంచి, చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ మీద పెట్టి, సీసాలోనే పిల్లమొక్కలను మొలిపించడం. చక్కెర ఉన్నచోటికి మనకు కావలసిన మొలక కంటే ముందు బూజు వచ్చి కూర్చుంటుంది. అందుకని సీసాలను పెద్ద ప్రెషర్ కుక్కరులాంటి యంత్రంలో ఉడకబెట్టి, చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఇంచుమించు ఊపిరి బిగబట్టి ఆ ముక్కను లోపల పెట్టి మూత వేసేవాళ్ళం. గాలిలో ఏముందో కంటికి కనబడదు కనుక, ఇంత చేశాక కూడా ఆ పని సగం శాస్త్రం, సగం దేవుడి దయ.

రోజూ పొద్దున్నే గైడు గారు వచ్చి, తెల్లకోటు కూడా వేసుకోకుండా, ఒక్కొక్క సీసానూ కిటికీ వెలుతురులో పట్టి చూసేవారు. మొలక కనబడితే చిన్నగా తలాడించేవారు. బూజు కనబడితే తిట్టేవారు కాదు. ఆ సీసాను బల్ల మీద ఎడమవైపు పెట్టేవారు, అంతే. ఆ ఎడమవైపు సీసాలు ఎవరివైతే వాళ్ళే ఉడికించి, కడిగి, ఆరబెట్టాలి, అది మా లాబు ఆచారం. రోజు మార్చి రోజు తొట్టి దగ్గర నిలబడి కడుగుతున్నది నేను. ఆమె సీసాలు మాత్రం అద్దంలా ఉండేవి, లోపల పచ్చటి మొలకలు ఒకదాన్ని చూసి ఒకటి లేచేవి. మంచి చెయ్యి అనేవారు గైడు గారు, ఆమె వినేలా, నేనూ వినేలా. నా చేతుల వంక నేను చూసుకునేదాన్ని; వాటికేం తక్కువో నాకు తెలిసేది కాదు. తోటకూర కాడ తుంచి పాతినా బతికించే రైతు ఇంటి పిల్ల కాబట్టి సరిపోయిందిలే అని సరిపెట్టుకోబోయి, నేనూ రైతు కూతురినే కదా అని గుర్తొచ్చి మరింత ఉడుక్కునేదాన్ని.

ఎండాకాలంలో ఒకరోజు నేను సీసాలు కడుగుతూ ఉంటే ఆమె పక్కకు వచ్చి నిలబడింది. పారేయబోతున్న సీసా ఒకటి తీసి తిప్పి తిప్పి చూసి, "అక్కా, జర ఏమనుకోకు. బూజు అంతట పట్టలే, ఏదో నడిసినట్టు వరుసగ వచ్చింది. నీ మల్లెపూలల్ల పురుగు రాలుతున్నదేమో సూడు," అన్నది.

నాకప్పుడు బారెడు జడ. ఎండాకాలం వచ్చిందంటే మూరెడు మల్లెలు లేకుండా గుమ్మం దాటి ఎరుగను; అది మా ఇంటి అలవాటు, మా అమ్మ చేతి అలవాటు. ఆమెకు నూనె రాసి బిగించిన పిలక. నా జడ చూసి ఓర్వలేక అంటోంది, ఇంకేముంది అనుకున్నాను. ఆమెకు కూడా నా మీద కుళ్ళు ఉన్నదన్న ఊహ ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. సరే, ఆమె మాట తప్పని తేల్చేద్దామని మర్నాటి నుంచి పూలు మానేశాను. ఆ వారం పెట్టిన సీసాలు ఒక్కటీ ఎడమవైపుకు పోలేదు. మల్లెల్లో నలుసంత పురుగులు ఉంటాయని, అవి జడలోంచి జారి, మూత తెరిచిన సీసాలో దూరి, కాళ్ళకు అంటిన బూజును అడుగడుగునా నాటి పోతాయని నాలాంటి వృక్షశాస్త్రం పిల్లకు తట్టకపోవడం చూడండి! గైడు గారు సంతోషించి ఏం మార్చావమ్మా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. మంచి చెయ్యే కాదు, మంచి కన్ను కూడా అన్నారు, ఆమెను. నా సీసాలు బాగుపడ్డందుకు కూడా మెప్పు ఆమె ఖాతాలోకే పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకు మా శాఖలో ఒక్క లెక్చరరు ఉద్యోగం పడింది. ఇద్దరం ఇంటర్వ్యూకు వెళ్ళాం. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు ఇంగ్లీషులో ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించారు. మిషన్ స్కూలు పుణ్యమా అని నాకు మాట తడబడలేదు, తెలుగు మీడియంలో చదివిన ఆమెకు తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయిందట. ఉద్యోగం నాకే వచ్చింది. ఇక గెలిచాను అనుకున్నాను, మనస్ఫూర్తిగా అనుకున్నాను. మిఠాయి పొట్లంతో గైడు గారి గదికి వెళితే, ఆశీర్వదించి, ఒక ముక్క నోట్లో వేసుకుని, ఆమెకు కూడా వచ్చి ఉంటే బాగుండేదమ్మా అన్నారు. ఆ ఒక్క ముక్కా అనకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయింది? ఆయన పోయి చాలాకాలమైంది, నాకు మాత్రం ఆ మాట నిన్ననే అన్నట్టు ఉంటుంది.

ఆమె పీహెచ్‌డీ పూర్తిచేసి మూసాపేటలో ఒక జూనియర్ కాలేజీలో చేరింది. నేను లాబు, పేపర్లు, సెమినార్లు అంటూ తలమునకలయ్యాను. పాఠం బాగానే చెప్పేదాన్ని, నోట్సు పక్కాగా ఇచ్చేదాన్ని. మా పిల్లలకు మార్కులు వచ్చాయి, ఉద్యోగాలూ వచ్చాయి, కాకపోతే మొక్కలతో కాదు. ఇదే హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కూర్చుని, అమెరికా రోగుల జబ్బులకు కోడ్ నంబర్లు వేసే కొలువులు. మెడలో కార్డులతో ఎదురుపడి నమస్తే మేడమ్ అని, కళ్ళు ఫోనులోనే ఉంచి దాటిపోతారు. నేను నేర్పింది వాళ్ళ చేతుల్లో ఎక్కడా కనబడదు. ఆమె దగ్గర చదివిన పిల్లలో? బ్యాంకుకు పోతే ఒకడు, రక్తపరీక్షల సెంటర్లో ఒకతి, ఇప్పుడీ డాక్టరమ్మ, ఎవరిని కదిపినా ఆమె పేరే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఈ పుల్లకూర నిజంగానే రుచిగా ఉంది, అదీ నా బాధ. నన్ను కూడా ఎవరో ఒకరు మా మేడమ్ అని అలా వెలిగిపోతూ చెప్పుకోవాలని ఎంత కోరికగా ఉండేదో!

డాక్టరమ్మ ఊరుకోకుండా అక్కడికక్కడే ఆమెకు ఫోను కలిపి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాతి ఆదివారమే ఆమె మా ఫ్లాటుకు వచ్చింది. నేను ఉంటున్నది గోపన్‌పల్లిలోనే లెండి, ఆమె ఊళ్ళోనే. తల ముగ్గుబుట్ట అయింది గానీ నడకలో ఆ చురుకు పోలేదు. లిఫ్టు ఉండగా మెట్లెక్కి వచ్చింది, అదీ నాకు కష్టంగానే తోచింది. బాల్కనీలోంచి చూసి, మా చేను గా టవరు కాడ ఉండె అని ఏ బాధా లేకుండా చూపించింది. టీ తాగుతూ కాలేజీ పిల్లల ముచ్చట్లు చెబుతూ ఉంటే ఇక ఉండబట్టలేకపోయాను. ఆ ఉద్యోగం నాకు వచ్చినప్పుడు నీకు నా మీద కుళ్ళు పుట్టలేదా, నిజం చెప్పు అని అడిగేశాను. అవునంటే చాలు, నా ప్రాణం కుదుటపడేది.

ఆమె కప్పు కింద పెట్టి నవ్వింది. "ఎందుకు పుట్టలే అక్కా! మస్తు ఏడ్సిన. మా అమ్మ పరేషాన్ అయింది, అన్నం గూడ తినకపోతిని. ఇగ కాలేజ్ల పిల్లలు గడబిడ గడబిడ చేస్తుంటే వాళ్ళల్ల పడి మర్సిపోయిన. నువ్వు అడిగినంక యాదికొచ్చింది."

మర్చిపోయిందట! ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు బాల్కనీలోనే నిలబడ్డాను. ఇటు నార్సింగి దాకా మేమిద్దరం మొక్కల కోసం తిరిగిన నేలే. ఏ బండ పక్కన ఏ తీగ పాకేదో, ఏ పొదలో సీతాఫలాలు ముందు పండేవో ఇప్పటికీ చెప్పగలను. ఆ బండలను పేల్చేశారు, పొదలను చదును చేశారు, మా లాబు గదికి కూడా కొత్త తలుపులు, కొత్త పేరు వచ్చాయి. ఇన్ని మారినా ఆ పోటీ ఒక్కటి మిగిలి ఉందనుకున్నాను, ఆమె మూసాపేట నుంచి, నేను ఇక్కడి నుంచి, ఇన్నేళ్ళూ పక్కపక్కనే పరుగెత్తుతున్నాం అనుకున్నాను. ఆమె ఎప్పుడో ఆగి, పక్కకు తప్పుకుని, తన పనిలో తాను పడిపోయిందట. ఇంతకాలమూ పరుగెత్తింది నేనొక్కదాన్నే.